మా అత్త పేరు మీద

దసరా వెళ్లి పది రోజులు గడవకముందే మా ఊళ్లో ఇళ్లకు తాళాలు పడతాయి. తెలంగాణకు పత్తి తీయడానికి, అది అయ్యాక గుంటూరు వైపు మిరపకోతలకు, సంసారాలకు సంసారాలే లారీలెక్కి వెళ్లిపోతాయి. దాన్ని మావైపు సుగ్గి అంటారు. ముసలివాళ్లు, మేకలు, నేను మిగులుతాం.

నా పేరు సంధ్య. అప్పట్లో ఆ ఊరి సచివాలయంలో ఏఎన్ఎంని. ఎమ్మిగనూరు నుంచి నందవరం పోయే దారిలో ఉంటుంది ఊరు. అది నా మెట్టినిల్లు కూడా. అందుకని సగం మంది నన్ను సిస్టరమ్మా అని పిలుస్తారు, మిగతా సగం మంది కస్తూరమ్మ కోడలా అని పిలుస్తారు. రెండు పిలుపులకూ పరిగెత్తాల్సిన మనిషి మాత్రం ఒక్కతే.

ఆ ఏడు సరిగ్గా సుగ్గి మొదలైన వారంలోనే పని వచ్చి నెత్తిన పడింది. ఊళ్లో ముప్పై ఏళ్లు దాటిన ప్రతివాళ్లకూ బీపీ చూడాలి, వేలికి సూది గుచ్చి షుగరు చూడాలి, టేపుతో నడుము కొలవాలి, అన్నీ యాప్‌లో ఎక్కించాలి. రోజుకు ఇరవై మంది. ఆ యాప్‌లో బోలెడు ప్రశ్నలుంటాయి. పొగాకు నములుతారా, వారానికి నూటయాభై నిమిషాలు నడుస్తారా, ఇంట్లో ఎవరికైనా షుగరుందా అని. ఎన్నేళ్లుగా సరిగ్గా నిద్రపోలేదు, తిన్న అన్నం కూర్చుని తిన్నారా నిలబడి తిన్నారా అని అడిగే గడి ఒక్కటీ లేదు. ఉంటే అందరికంటే ముందు నేనే నింపేదాన్ని.

ఆరోజు మధ్యాహ్నం రెండు కావస్తోంది. పొద్దున ఏడింటికి టీలో నాలుగు బిస్కెట్లు ముంచుకుని బయలుదేరినదాన్ని. నాతోపాటు ఆశా వర్కరు హులిగమ్మ ఉంది. పంతొమ్మిది మంది అయ్యారు. ఇరవయ్యో మనిషి ఈరన్న అనుకుని వెళితే అతని ఇంటికీ తాళం ఉంది. గడప మీద కోడి ఒకటి పడుకుని ఉంది.

"ఈరన్నోళ్లు గూడా పోయినారక్కా," అంది హులిగమ్మ.

"నిన్న పొద్దున నాతో మాట్లాడినాడే. రేపు రామ్మా అన్యాడు."

"రేపు రమ్మన్యాడు గానీ, తానుంటానని సెప్పినాడా?"

నాకు నవ్వు రాలేదు. అప్పటికే ఫోను మోగుతోంది. సూపర్‌వైజర్ రాధిక మేడం. ఆమె గొంతు పెంచదు, అదే ఆమెతో వచ్చిన చిక్కు. "సంధ్యా, మీ ఊరు ఇంకా ఎరుపులోనే ఉందమ్మా. మూడు గంటలకు వీడియో మీటింగు. అందరి ముందు మీ ఊరి పేరే చదువుతారు. నేనేం చెప్పను?" అంది. ఒక్కరే తక్కువ మేడం అన్నాను. "ఆ ఒక్కరే కదమ్మా," అంది ఆమె. ఆమెను కూడా పైన ఎవరో ఇలాగే మెల్లగా అడుగుతుంటారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి లాభమేముంది.

హులిగమ్మను అన్నం తినిరమ్మని పంపి ఈరన్న అరుగు మీద కూలబడ్డాను. దప్పిక. ఆ నెలంతా ఒకటే దప్పిక. ఎండకు అనుకున్నాను. సీసాలో నీళ్లన్నీ ఒక్క గుక్కలో తాగేసి, జాబితాలో మిగిలిన పేర్లు చూశాను. ఎవరి పేరు నొక్కినా వాళ్ల ఫోనుకు నాలుగంకెలు వస్తాయి, ఆ అంకెలు చెబితేనే యాప్ తెరుచుకుంటుంది. ఊళ్లో లేనివాళ్లకు ఫోను చేసి అడిగితే ఎత్తరు. ఒక్క పేరుకు మాత్రం ఆ అంకెలు నా ఫోనుకే వస్తాయి. కస్తూరమ్మ, అరవై నాలుగేళ్లు. మా అత్త. ఆమెకు ఫోను లేదు కాబట్టి నా నంబరే ఇచ్చి ఉన్నాను.

మా అత్త రెండుసార్లు సూది వద్దని తప్పించుకుంది. "ఉండేదే పిడికెడు రగతం, అది గూడా సర్కారుకే ఇయ్యల్నా?" అని నన్నే ఎగతాళి చేసింది. ఆరోజు ఇంటికెళ్లి ఆమెను బతిమాలి కూర్చోబెట్టడానికి అరగంట పడుతుంది. మూడు గంటలకు మీటింగు.

నా ఎడమచేతి ఉంగరపు వేలును స్పిరిట్ దూదితో తుడుచుకుని, నేనే గుచ్చుకున్నాను. యాప్‌కు కావలసింది మిషను మీద అంకె ఫొటో ఒక్కటే, వేలు ఎవరిదో అది అడగదు. పన్నెండేళ్ల ఉద్యోగంలో అంతకుముందు ఎప్పుడూ అలా చేయలేదు. బయటివాళ్ల పేరు మీద రాస్తే తప్పు, ఇంటి మనిషి పేరు మీద రాస్తే సర్దుబాటు అనిపించింది. మా సన్నటి అత్తకు ఏ నూటపదో వస్తుంది, నాకూ అంతే వస్తుంది, ఎవరికీ నష్టం లేదు.

రెండువందల ఎనభై ఆరు వచ్చింది.

ఎండలో బ్యాగులో ఉండి మిషను పాడైందనుకున్నాను. పొద్దున హులిగమ్మ పెట్టిన వేరుశనగ ఉండ బెల్లం వేలికి అంటుకుని ఉంటుందనుకున్నాను. అదే వేలును నిమిషం కిందట స్పిరిట్‌తో తుడిచిన సంగతి నాకు గుర్తుంది, అయినా గుర్తు లేనట్టే ఉన్నాను. ఫొటో తీశాను, నొక్కాను, పోయింది. ఊరు పచ్చరంగులోకి మారింది. మీటింగులో ఎవరూ నా పేరు ఎత్తలేదు. ఆరోజుకు అదే గొప్ప.

*

మా ఆయన వీరేష్ ఆ రోజుల్లో ఆదోనిలో ఉన్నాడు. మగ్గం మానేసి నాలుగేళ్లయింది. పత్తి సీజన్లో జిన్నింగ్ మిల్లులో కాంటా దగ్గర పని, అక్కడే గదిలో ఉండి ఆదివారం వచ్చేవాడు. అమ్మాయి భాగ్య ఎమ్మిగనూరులో హాస్టల్లో ఉండి చదువుతోంది. ఇంట్లో అత్త, నేను. అత్త పొద్దంతా రాట్నం ముందు కూర్చుని, పక్కవీధి మగ్గాల వాళ్లకు కండెలు చుట్టేది. దారం సర్రుమని తిరిగే ఆ చప్పుడు లేకపోతే ఇంట్లో మనుషులు లేనట్టే ఉండేది.

ఆ ఆదివారం వీరేష్ నా మెడ చూసి, "ఏందే, మెడ ఎనకాల అంత నల్లగా అయింది? గొలుసు రాసుకుంటాండాదా, సరిగ్గా రుద్దుకుంటల్యావా?" అన్నాడు.

"ఎండలో తిరిగితే నలుపు గాక తెలుపొస్తాదా?" అని విసుక్కున్నాను.

మెడ వెనక అలాంటి నలుపు కనబడితే షుగరు చూపించుకోండి అని నేనే ఊరందరికీ చెబుతాను. నా నడుముకు టేపు చుట్టుకోక రెండేళ్లయింది. చుట్టుకుంటే తొంభై సెంటీమీటర్లు దాటుతుందని తెలుసు, అందుకే చుట్టుకోలేదు. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తుంది. పొద్దున ఎవరి ఇంటికి వెళ్లాలి, ఏ గర్భిణికి నెలలు నిండాయి, ఏ మెసేజికి జవాబివ్వలేదు అని లెక్క మొదలవుతుంది. ఇక నిద్ర ఉండదు. ఇదంతా రోగమని ఎవరనుకుంటారు? ఉద్యోగం అనుకుంటారు.

పది రోజులకు యాప్‌లో మా అత్త పేరు పక్కన ఎర్రచుక్క పడింది. మొదటిసారి ఎక్కువ వచ్చినవాళ్లకు మళ్లీ పరగడుపున చూడాలి, చూడలేదు అని. రాధిక మేడం మెల్లటి గొంతుతో, "సొంత అత్తగారే పెండింగా సంధ్యా?" అంది.

ఇక్కడే ఆగిపోయి ఉండొచ్చు. అత్తను బతిమాలి, ఆమె వేలే గుచ్చి, సరైన అంకె రాసి ఉండొచ్చు. కానీ రెండువందల ఎనభై ఆరు ఉన్న మనిషికి పది రోజుల్లో మందు లేకుండా తొంభై ఎలా వచ్చిందని ఎవరైనా అడిగితే? ఆ భయం పట్టుకుంది. మరుసటి పొద్దున, కాఫీ కూడా తాగకముందు, పెరట్లో నీళ్ల తొట్టి పక్కన నిలబడి మళ్లీ నా వేలే గుచ్చుకున్నాను. రెండువందల ముప్పై ఒకటి. ఈసారి బెల్లం లేదు, ఎండా లేదు.

మావైపు టెన్షన్ షుగర్ అని ఒక మాటుంది. అసలు షుగరు వేరు, టెన్షన్ షుగర్ వేరు అని జనం నమ్మకం. టెన్షన్ షుగర్ చుట్టం లాంటిదట, వచ్చి నాలుగు రోజులుండి దానంతటదే పోతుందట. నా దగ్గరికి వచ్చి ఎవరైనా ఆ మాట అంటే కోప్పడి మాత్రలు మింగించేదాన్ని. ఆ పొద్దున తొట్టి దగ్గర నాకు నేను చెప్పుకున్న మాట అదే. నెలాఖరు కానీ, ఈ సర్వే గొడవ తీరనీ, అదే దిగుతుంది అనుకున్నాను. అంకె ఎక్కించి, కాఫీలో రెండు చెంచాల చక్కెర వేసుకుని తాగాను.

*

యాప్ దాని పని అది చేసుకుపోయింది. రెండు అంకెలూ చూసి కస్తూరమ్మ షుగరు రోగి అని తేల్చింది. నెలకోసారి మా ఊరికి వచ్చే డాక్టరు ఆ జాబితా చూసి మందులు రాశారు. ఎదుట మనిషి లేకపోయినా, రాసిన ఏఎన్ఎం కోడలే కదా, తప్పు ఉండదనుకున్నారేమో. ఆ రోజూ మరుసటి రోజూ నేను ఆదోనిలో ట్రైనింగులో ఉన్నాను. 'కస్తూరమ్మ గారికి మందులు సిద్ధం' అని నా ఫోనుకు మెసేజి కూడా వచ్చింది. అలాంటివి రోజుకు వంద వస్తాయి, నేను చూడలేదు. హులిగమ్మ మాత్రలు తీసుకెళ్లి మా అత్తకే ఇచ్చింది. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అన్నానికి ముందు అని చెప్పింది.

అంటే ఏ రోగమూ లేని మనిషి ఆ రోజు నుంచి షుగరు దించే మాత్ర మింగడం మొదలుపెట్టింది. నా ఇంట్లోనే, నా కళ్ల ముందే. నాకు ఆ సంగతి తెలియదు.

తెలియకపోయినా కనబడింది మాత్రం చాలా ఉంది. ట్రైనింగు నుంచి వచ్చేసరికి అత్త టీలో చక్కెర మానేసింది.

"ఏమత్తా, సక్కెర అయిపోయిందా?"

"ఉండాది. నోటికి బాగనిపించల్యా."

రాత్రి కొర్రన్నం వండింది. పెళ్లయిన కొత్తలో ఎప్పుడో తిన్నాను ఆ ఇంట్లో కొర్రన్నం. అదేమిటని అడిగితే, "ఒంటికి మంచిదంట. నువ్వు గూడా తిను," అని నా కంచంలో ముందు పెట్టింది. సాయంత్రం రాట్నం ఆపి రోడ్డు వరకు నడవడం మొదలుపెట్టింది. నాకు చిరాకేసింది. నేను రోజంతా కాళ్లరిగేలా తిరిగి వస్తే ఈమెకు షికారు కావలసి వచ్చింది అనుకున్నాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నది నిజం.

ఒకటి రెండుసార్లు, "సంధ్యా, మనిషికి ఉండుండి సెమట పట్టి సేతులు వణుకుతాయే, ఏంటికి?" అని అడిగింది. నేను ఫోనులోంచి తల ఎత్తకుండా, "తినకపోతే అట్లే ఉంటాది. గురువారాలు ఉపాసాలు మానమంటే మానవు," అన్నాను. ఊళ్లో ఎవరు అడిగినా ఆగి, కూర్చుని, చెయ్యి పట్టుకుని చూసేదాన్ని. మా అత్తకు మాత్రం నడుస్తూ జవాబు చెప్పాను.

"అవునులే, నీకు తెల్వంది యాడుండాది," అంది ఆమె. ఆ మాటలో వెటకారం ఉందనుకున్నాను. లేదు. నిజంగానే నాకు అన్నీ తెలుసనుకుని అంది.

*

కార్తీకంలో ఒక గురువారం అత్త మంత్రాలయం వెళ్లింది. ఏటా వెళుతుంది. స్వామి దర్శనమయ్యేదాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టదు. పొద్దున ఆరింటి బస్సుకు, పక్కింటి సుబ్బలక్ష్మమ్మతో కలిసి వెళ్లింది. ఉపవాసమైనా మాత్ర మాత్రం మానలేదు, వేసుకునే వెళ్లింది. కోడలు రాసిన మందు కదా.

పదకొండింటికి నేను సచివాలయంలో వీడియో మీటింగులో ఉన్నాను. సుబ్బలక్ష్మమ్మ నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది, మూడుసార్లూ కట్ చేశాను. నాలుగోసారి బయటికి వచ్చి ఎత్తాను.

"సంధ్యా, మీ అత్త దర్శనం వరసలోనే పడిపోయిందమ్మా. ఒళ్లంతా సెమట. ఏమేమో మాట్లాడతాండాది. అంబులెన్స్ పిలిసినారు," అని ఏడుస్తోంది ఆమె.

"తీపి ఏమన్నా ఉంటే నోట్లో పెట్టు సుబ్బలక్ష్మమ్మా. ప్రసాదం ఉంటాదే, అది పెట్టు!"

"పెడితిమమ్మా. అందరమూ పెడితిమి. నోరు తెరవనంటాండాది. నాకు షుగరు, నాకు షుగరు, తీపి తినగూడదు, మా కోడలు ఒప్పుకోదు అని పండ్లు బిగబట్టుకుండాది."

షుగరెవరికి? మా అత్తకెక్కడి షుగరు? అప్పుడు రెండు అంకెలూ కళ్ల ముందుకు వచ్చాయి. లోపల మీటింగులో ఎవరో మా ఊరి పేరు చదువుతున్నారు.

*

ఎమ్మిగనూరులో చూసి ఆదోనికి పంపారు. నేను ఆదోని ఆసుపత్రికి చేరేసరికి వీరేష్ మిల్లు నుంచి వచ్చి ఉన్నాడు, చొక్కా మీద ఇంకా దూది ఉంది. అత్త చేతికి సెలైను ఉంది. ముప్పై ఎనిమిదికి పడిపోయిందట షుగరు. ఇంకో అరగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేం అన్నారట.

డ్యూటీ డాక్టరుకు ముప్పై ఏళ్లు కూడా ఉండవు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. మాత్రలేం వాడుతున్నారు అని అడిగితే, వీరేష్ వాళ్లమ్మ చేతిసంచి కుమ్మరించాడు. కండెలకు వాడే తెల్లదారంతో కట్టిన రెండు మాత్రల అట్టలు బయటపడ్డాయి. ఒకటీ తప్పకుండా, రోజుకు రెండు లెక్కన ఖాళీ అయి ఉన్నాయి.

"ఈమెకు షుగరని ఎవరు చెప్పారండీ? మూడు నెలల సగటు కూడా చూశాం. షుగరు లేదు," అన్నాడు డాక్టరు.

"ఎవడు సార్ రాసింది? వాణ్ని వదల్ను," అన్నాడు వీరేష్. నావైపు తిరిగి, "మీ ఆఫీసోళ్లే గదా ఇచ్చింది? ఎవరు సూసినారు మా అమ్మకు? పేరు సెప్పు," అన్నాడు.

పన్నెండేళ్లుగా జనానికి మంచీ చెడూ చెప్పే నోరు నాది. ఒక్క పేరు చెప్పలేకపోయింది. నీళ్ల సీసా ఎత్తి గటగటా తాగాను, అదీ అయిపోయింది, ఇంకోటి తెచ్చుకున్నాను.

సాయంత్రం వీరేష్ మందులకు కిందికి వెళ్లినప్పుడు డాక్టరు నా దగ్గర ఆగాడు. "మీరు ఏఎన్ఎం కదా. వచ్చినప్పటి నుంచి మూడు సీసాలు తాగారు. మీ మెడ కూడా చూశాను. షుగరెప్పుడు చూపించుకున్నారు?"

"టెన్షన్ షుగరేమో సార్," అన్నాను. నా నోటివెంట అలా వచ్చేసింది.

అతను నవ్వలేదు. పక్కన బల్ల మీద కూలబడ్డాడు. అతనూ ఎప్పుడు కూర్చున్నాడో ఏమో. "టెన్షన్ ఒక గిన్నెలో, షుగరు ఒక గిన్నెలో ఉండవమ్మా. భయమేస్తే ఒళ్లు రక్తంలోకి చక్కెర వదులుతుంది, పారిపోవడానికో కొట్లాడ్డానికో బలం కావాలని. ఒకరోజు భయమైతే దానంతటదే సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి పొద్దున లేస్తే అదే భయమైతే? మీరు పారిపోరు, కొట్లాడరు. కూర్చుని ఫోను నొక్కుతారు. నిద్ర ఉండదు, వేళకు తిండి ఉండదు, నడుము దగ్గర కొవ్వు పేరుకుంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే ఇంకా తొందరగా వస్తుంది. అన్నీ కలిసే వస్తాయి, ఒక్కదాని మీదే నెట్టలేం."

"మా నాయనకు ఉండింది సార్."

"మరి మీరెందుకు చూపించుకోలేదు?"

చూపించుకున్నాను, రెండుసార్లు చూసుకున్నాను అని చెప్పాలి. చెప్పలేదు. అతన్ని ఎవరో పిలిచారు, వెళ్లిపోయాడు.

తరువాతి సంగతులు ముందే చెప్పేస్తాను, వాటి గురించి ఎక్కువ మాట్లాడే ఓపిక నాకు లేదు. జరిగింది జరిగినట్టు పై అధికారికి రాసిచ్చాను. హులిగమ్మ తప్పేమీ లేదని అందులో రెండుసార్లు రాశాను. మెమో వచ్చింది, విచారణ జరిగింది, ఇంక్రిమెంట్లు ఆపారు, హాలహర్వి వైపు ఒక ఊరికి మార్చారు. రాధిక మేడం ఫోను చేసి, "నేను కూడా అడిగి ఉండాల్సింది కాదు," అని పెట్టేసింది. వీరేష్ పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. పన్నెండో రోజు, "అన్నం తిన్యావా?" అన్నాడు, దానికి ఏడ్చాను. నేనిప్పుడు రెండు పూటలా మాత్ర వేసుకుంటాను. అప్పుడప్పుడు కూర్చుని తింటాను. యాప్‌లో మా అత్త ఇప్పటికీ షుగరు రోగే. ఒకసారి ఎక్కిన పేరు తీసే దారి అందులో ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఇవన్నీ ఆ మరుసటి పొద్దున తరువాత జరిగినవి. ఆ పొద్దున్నే నాకు బాగా గుర్తుంది.

అత్తకు ఏడింటికి పూర్తిగా తెలివి వచ్చింది. వీరేష్ టీ తేవడానికి వెళ్లాడు. ఆమె నన్ను చూసి, దిండు మీద నుంచి లేవబోయి, మళ్లీ పడుకుంది.

"రేతిరంతా ఈడనే ఉన్న్యావా? డ్యూటీ?"

"డ్యూటీ ల్యాదులే అత్తా."

"నీకు శానా తిప్పలైపాయ నా వల్ల. ఉపాసం సేస్తే మాత్ర ఎయ్యగూడదేమో, నాకు తెల్వక పాయ."

"అత్తా, నీకు మాత్రలిచ్చినారని నాకెందుకు సెప్పల్యా?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే గదమ్మా సూసి రాసినావంట, హులిగి సెప్పింది. నాకు నిద్దరలో ఎప్పుడన్నా గుచ్చినావేమో అనుకుంటి. షుగరొచ్చిందని నా మొకాన సెప్పల్యాక, నాకు బయం ఎందుకు పెట్టల్ల అని లోపల్నే పెట్టుకుండావని అనుకుంటి. నీకుండే యాతన నీకుండాది. ఇది గూడా ఎందుకు అడిగేదని, నేనూ గమ్మున మింగితి."

వెక్కిళ్లు వచ్చాయి నాకు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్క మంచం వాళ్లు చూశారు. చూస్తే చూశారు.

"ఆ రగతం నీది కాదత్తా," అన్నాను. "నాది. రెండుసార్లూ నాదే. మనిషి తక్కువైతే నీ పేరు మీద నా వేలు గుచ్చుకుంటి. నిన్ను సంపేసేదాన్ని."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. వార్డులో ఎక్కడో స్టీలు గిన్నె కిందపడింది. ఆమె మెల్లగా నావైపు తల తిప్పింది.

"నాకు ల్యాదు. అంటే నీకుండాది."

"ఊ."

"నెల దాటిపాయ గదా. మరి నువ్వేం మింగుతాండావు?"

పన్నెండేళ్ల ఉద్యోగంలో, పెళ్లయిన పదిహేడేళ్లలో, నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది.

"ఏమీ ల్యా," అన్నాను.

ఆమె సెలైను ఉన్న చేతితోనే నా మణికట్టు పట్టుకుని మంచం మీదికి లాక్కుంది. అటుగా పోతున్న నర్సమ్మను కేకేసింది. అంత నీరసంలోనూ ఆ కేకకు వార్డంతా తిరిగి చూసింది. నర్సమ్మ ట్రేతో వచ్చి, ఎవరికి అని అడిగి, నా వేలు తుడుస్తూ అట్ట మీద రాసుకోవడానికి పెన్ను తీసింది.

"పేరు?"

నేను నోరు తెరిచేలోగా మా అత్త చెప్పింది.

"సంధ్య. బాగా సూసి రాయమ్మా. నా పేరు రాసేవు."